ఒంటి వేలి గుర్రం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గుర్రం కాలి గురించి వచ్చిన ప్రశ్నల్లో ఒకే తీరువి కలిపేశాం. చదువుకునేవాళ్ళు అడిగినవీ, గుర్రాలు పెంచేవాళ్ళు అడిగినవీ రెండూ ఉన్నాయి.

ప్రశ్న: గుర్రం ఒక్క వేలి మీద నిలబడుతుందని చదివాం. ఆ వేలు మన చేతిలో ఏ వేలికి సమానం? మిగతా నాలుగూ పూర్తిగా పోయాయా?

జవాబు: నడిమి వేలు. మీ చేతిని బల్ల మీద నిలువుగా పెట్టి, నడిమి వేలి గోరు అంచు ఒక్కటే బల్లకు తగిలేలా మిగతాదంతా పైకి లేపి చూడండి. గుర్రం ముంగాలు ఎప్పుడూ ఉండేది ఆ భంగిమలోనే. ముంగాలికి మధ్యలో మోకాలిలా కనిపించేది దాని మణికట్టు. వెనక్కాలిలో వెనక్కి పొడుచుకొచ్చే హాక్ కీలు దాని చీలమండ, ఆ పొడుచుకొచ్చిన కొన మడమ. అసలైన మోచెయ్యి, మోకాలు రెండూ పైన, పొట్టకు దగ్గరగా ఉండిపోయాయి.

మణికట్టు నుంచి కిందికి వద్దాం. ముందు వచ్చే పొడవాటి గట్టి ఎముకను కానన్ ఎముక అంటారు. మన అరచేతిలో నడిమి వేలిని మోసే ఎముక ఇదే. దాని కింద ఫెట్‌లాక్ కీలు, ఆ కీలు వెనక రెండు చిన్న సెసమాయిడ్ ఎముకలు. ఆ కీలు కింద వేలి మూడు కణుపులు: పొడవు పాస్టర్న్, పొట్టి పాస్టర్న్, గిట్ట లోపల దాగి ఉండే కాఫిన్ ఎముక. కాఫిన్ ఎముకకు వెనక పడవ ఆకారంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక. గిట్ట అంటే కాఫిన్ ఎముకను చుట్టూ కప్పిన గోరు, అంతే.

ఇక మిగతా వేళ్ళు. కానన్ ఎముక వెనక భాగాన ఇరుపక్కలా రెండు సన్నటి ఎముకలు అంటుకుని ఉంటాయి. వీటిని స్ప్లింట్ ఎముకలంటారు. లోపలి వైపుది రెండో వేలిది, బయటి వైపుది నాలుగో వేలిది. పై కొన లావుగా ఉండి మణికట్టు కీలులో భాగం పంచుకుంటుంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, కానన్ పొడవులో మూడింట రెండు వంతులు దాటాక చిన్న బొడిపెతో ఆగిపోతుంది. సాధువైన గుర్రం అయితే కానన్ వెనక అంచు వెంట వేలితో తడుముతూ కిందికి వస్తే ఆ బొడిపె దొరుకుతుంది. దాన్ని వాపు అనుకుని కంగారుపడేవాళ్ళున్నారు. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండి, నొక్కితే నొప్పి లేకపోతే అది మామూలు నిర్మాణమే.

ఒకటో వేలు, ఐదో వేలు విడి ఎముకలుగా ఎక్కడా కనిపించవు. అవి నిజంగా పోయాయా లేదా అన్న తగువు సంగతి మరో జవాబులో చెబుతాం.

ప్రశ్న: నాలుగు వేళ్ళు, మూడు వేళ్ళు, ఒక వేలు అంటూ పాఠ్యపుస్తకంలో గుర్రాల బొమ్మలు వరుసగా ఉంటాయి. ఆ వరుస నిజమేనా?

జవాబు: బొమ్మల్లోని జంతువులు నిజమే. వాటిని కలుపుతూ గీసిన తిన్నని గీతే తప్పుదారి పట్టిస్తుంది.

ఆ గీతకు ఒక చరిత్ర ఉంది. 1841లో రిచర్డ్ ఓవెన్ ఇంగ్లండ్‌లో దొరికిన ఒక చిన్న పుర్రెకు హైరాకోథీరియం అని పేరు పెట్టాడు. అది గుర్రాల చుట్టమని ఆయనకు తట్టలేదు. 1876లో అమెరికాలో ఓ.సి. మార్ష్ అలాంటి జంతువుకే ఇయోహిప్పస్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది ఇంగ్లండ్ నుంచి వచ్చిన థామస్ హక్స్‌లీ యేల్ విశ్వవిద్యాలయంలో మార్ష్ పోగుచేసిన ఎముకలు చూశాడు. గుర్రాల పరిణామం ఐరోపాలో జరిగిందని అప్పటిదాకా అనుకున్నవాడు, ఆ కథ అసలు ఉత్తర అమెరికాదని ఒప్పుకున్నాడు. ఆ సేకరణ ఆధారంగా తయారైన వరుస పటమే కొద్ది మార్పులతో ఇప్పటికీ అచ్చవుతోంది.

తెలిసినంతలో క్రమం ఇది. సుమారు 5.6 కోట్ల ఏళ్ళ క్రితం ఇప్పటి వయోమింగ్ ప్రాంతంలో సిఫ్రిప్పస్ అనే పిల్లి పరిమాణపు గుర్రం ఉండేది. ముంగాలికి 4 వేళ్ళు, వెనక్కాలికి 3. పాదం కింద టేపిర్ అనే పందిలాంటి అడవి జంతువుకు ఉన్నట్టు మెత్తటి కండ దిండు ఉండేది, బరువులో చాలా భాగం దాని మీదే పడేది. దాదాపు 3.5 కోట్ల ఏళ్ళ క్రితానికి మెసోహిప్పస్ వచ్చింది. భుజం ఎత్తు 60 సెంటీమీటర్లు, నాలుగు కాళ్ళకూ మూడేసి వేళ్ళు. 1.7 నుంచి 1.5 కోట్ల ఏళ్ళ నాటి మెరికిప్పస్‌కు కూడా మూడు వేళ్ళే. కానీ బరువంతా నడిమి వేలిదే. పక్క వేళ్ళు గట్టి నేల మీద నిలబడినప్పుడు గాల్లోనే ఉండేవి.

ఆ తరవాత చెట్టు కొమ్మలేసింది. ఒక కొమ్మ హిప్పారియన్ జాతులు. అవి చివరిదాకా మూడు వేళ్ళతోనే ఉన్నాయి. ఇంకో కొమ్మలో ప్లియోహిప్పస్, డైనోహిప్పస్, చివరికి 40 నుంచి 45 లక్షల ఏళ్ళ క్రితం ఈక్వస్, అంటే నేటి గుర్రం, గాడిద, జీబ్రాల వంశం. నెబ్రాస్కాలోని ఆష్‌ఫాల్ శిలాజ క్షేత్రంలో సుమారు 1.2 కోట్ల ఏళ్ళ క్రితం అగ్నిపర్వత బూడిద పీల్చి చచ్చిన జంతువులు పూర్తి అస్థిపంజరాలుగా దొరికాయి. అక్కడ మూడు వేళ్ళ గుర్రాలూ ఒంటి వేలి గుర్రాలూ ఒకే పొరలో ఉన్నాయి. అంటే ఒకే నీటిగుంట దగ్గరికి వచ్చేవి.

హిప్పారియన్లను పాతబడిపోయిన మోడల్ అనుకోవడం అన్యాయం. సుమారు 1.1 కోట్ల ఏళ్ళ క్రితం అవి ఉత్తర అమెరికా నుంచి ఆసియాలోకి దాటి, ఐరోపా, ఆఫ్రికాల్లోనూ పరుచుకున్నాయి. టాంజానియాలోని లేటోలిలో 36 లక్షల 60 వేల ఏళ్ళ నాటి బూడిద మీద మనిషి పూర్వీకుల అడుగుజాడలున్న చోటే హిప్పారియన్ అడుగులు కూడా ఉన్నాయి. కోటి ఏళ్ళు నాలుగు ఖండాల్లో బతికిన పాదాన్ని లోపభూయిష్టమని ఎలా అంటాం?

ప్రశ్న: వాడకపోవడం వల్ల పక్క వేళ్ళు చిన్నబడి ఊడిపోయాయి అని మా మాస్టారు చెప్పారు. సరైనదేనా?

జవాబు: ఫలితం అలా కనిపిస్తుంది, కారణం అది కాదు. ఒక గుర్రం జీవితకాలంలో వేలిని వాడకపోతే ఆ వేలు కొంత సన్నబడవచ్చేమో గాని, ఆ సన్నదనం దాని పిల్లకు రాదు. ప్రతి తరంలోనూ పక్క వేళ్ళ పొడవులో పుట్టుకతోనే తేడాలుంటాయి. ఏ తేడా ఉన్న గుర్రాలు ఎక్కువ పిల్లల్ని మిగిల్చాయన్నదే లెక్క.

వేలు ఎలా పోతుందో పిండంలో చూడొచ్చు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం గుర్రం, ఒంటె, పంది, మూడు వేళ్ళ జెర్బోవాల (గెంతే ఎడారి ఎలుకల) పిండాలను పోల్చింది. గుర్రంలో కాలి మొగ్గ తొలిదశలో మామూలుగానే మొదలవుతుంది. వేళ్ళు ఎన్ని, ఎక్కడ అన్న తొలి జన్యు సంకేతాలు మామూలు జంతువులకు మల్లేనే ఉంటాయి. ఆ తరవాత మిగలాల్సిన వేలి చుట్టూ ఉన్న కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతాయి. ఒంటెలోనూ జెర్బోవాలోనూ ఇదే పద్ధతి. పందిలో మాత్రం దారి వేరు. దానిలో Ptch1 అనే జన్యువు పని ముందే తగ్గి, తొలి పథకమే మారిపోతుంది. కణాల చావు పెరగదు. చివరికి బయటికి కనిపించే ఫలితం దగ్గరదగ్గరగా ఉన్నా లోపలి దారి ఒకటి కాదన్నమాట. పంది, ఒంటె రెండూ జంట గిట్టల వర్గమే అయినా వాటి దారులు వేరని గమనించండి.

ఒకటో, ఐదో వేళ్ళ తగువు ఇక్కడిదే. 2018లో కొందరు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఐదు వేళ్ళ ఆనవాళ్ళూ నేటి గుర్రం ముంగాలిలో ఉన్నాయన్నారు. స్ప్లింట్ ఎముకల వెనక ఉండే గట్లు, గిట్ట లోపలి మృదులాస్థి ఆ రెండు వేళ్ళ అవశేషాలని వాళ్ళ వాదన. 2020లో గుర్రపు పిండాల్లో ఐదు కణ గుత్తులు కనిపించాయని ఇంకో బృందం రాసింది. 2023లో దీనికి గట్టి ఖండన వచ్చింది. గిట్ట అడుగున ఉండే ఫ్రాగ్ అనే మెత్తటి త్రిభుజం పక్క వేళ్ళ నుంచి కాదు, పాత పాదం దిండు నుంచి వచ్చిందని, శిలాజ గుర్రాల పక్క వేళ్ళు నిజంగానే అంతరించాయని ఆ ఖండన రాసినవాళ్ళు చూపించారు. మా మట్టుకు పిండం సాక్ష్యం బలమైనది. పిండంలో ఐదు మొదలై తరవాత ఆగిపోవడం కణాల చావు కథతోనూ పొసగుతుంది. అయితే పెద్ద గుర్రం గిట్టలో ఐదు వేళ్ళూ దాగున్నాయనడం మాత్రం ఆ సాక్ష్యం దాటి చేసిన గంతు.

ప్రశ్న: ఒక్క వేలు ఉంటే వేగం పెరుగుతుందా? అందుకే అలా మారిందా?

జవాబు: వేగమే కారణమైతే చీతాకు ఒక వేలే ఉండాలి. దాని ముంగాలికి ఐదు, వెనక్కాలికి నాలుగు ఉన్నాయి. అమెరికా మైదానాల్లో తిరిగే జింకలాంటి ప్రాంగ్‌హార్న్‌కు రెండు గిట్టలు, అయినా పరుగులో రేసుగుర్రాన్ని మించగలదు. రెండు వేళ్ళ ఉష్ట్రపక్షి కూడా గంటకు 70 కిలోమీటర్లు అందుకుంటుంది. రేసుగుర్రాల గరిష్ఠ వేగం కూడా దాదాపు అంతే. కాబట్టి వేగానికీ వేళ్ళ సంఖ్యకూ నేరుగా లంకె లేదు.

లంకె ఉన్నది ఖర్చుతో. కాలు ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు దాన్ని కదిలించడానికి పట్టే శ్రమ, బరువు ఎంత అనేదానితో పాటు తుంటి నుంచి ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. దూరం రెట్టింపైతే శ్రమ నాలుగింతలు. కిలో బరువును నడుముకు కట్టుకుని నడవడానికీ, అదే కిలోను బూట్లలో పెట్టుకుని నడవడానికీ ఉన్న తేడా అది. కాలి చివర ఉండే రెండు వేళ్ళ ఎముకలు, గిట్టలు, వాటి కండరాలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) తీసేస్తే, అడుగడుగునా శ్రమ మిగులుతుంది. రోజుకు వేల అడుగులు వేసే జంతువుకు అది చిన్న మొత్తం కాదు.

మరి బరువు ఎవరు మోస్తారు? పరుగులో ఒక్కో కాలి మీద క్షణకాలం పడే భారం శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లుంటుంది. 500 కిలోల గుర్రానికి 1,200 కిలోలకు పైమాటే. 2017లో శిలాజ గుర్రాల కానన్ ఎముకలను స్కాన్ చేసి, వాటి అడ్డుకోతల ఆకారం నుంచి వంపు ఒత్తిడిని లెక్కగట్టారు. తొలి గుర్రాల్లో బరువంతా నడిమి ఎముక మీదే వేస్తే ఒత్తిడి ప్రమాదకరమైన స్థాయికి పోతుంది. అంటే వాటికి పక్క వేళ్ళు అలంకారం కాదు, భారం పంచుకునేవి. ఒళ్ళు పెరుగుతూ, నడిమి ఎముక లావెక్కి, దాని లోపలి ఆకారం వంపును తట్టుకునేలా మారాక, ఆ ఒక్క ఎముకే ఒత్తిడిని భరించగలిగింది. పక్క వేళ్ళు చిక్కిపోయింది ఆ క్రమంలోనే. వేళ్ళు పోవడాన్ని గురించి మాట్లాడేటప్పుడు మిగిలిన వేలు ఎంత మారిందో మరిచిపోతుంటాం. కథలో సగం దానిదే.

ఇంకో భాగం స్ప్రింగు. మణికట్టు, హాక్‌ల కింద గుర్రానికి కండ లేదనే చెప్పాలి. అక్కడున్నవన్నీ టెండన్లు, లిగమెంట్లు (ఎముకను ఎముకకు కలిపే పట్టీలు). కానన్ ఎముక వెనక సస్పెన్సరీ లిగమెంట్ అనే బలమైన పట్టీ దిగి, సెసమాయిడ్ ఎముకలకు అతుక్కుంటుంది. ఒకప్పుడు అది నడిమి వేలి కండరం. ఇప్పుడు చాలావరకు పీచే. దాని వెనకే వేలిని ముడిచే రెండు పొడవాటి టెండన్లు. కాలు నేలకు ఆనగానే ఫెట్‌లాక్ కిందికి కుంగుతుంది, ఈ పట్టీలు సాగుతాయి, కాలు లేచేటప్పుడు సాగినంతా తిరిగొస్తుంది. కండరం ఖర్చు లేకుండా ముందడుగు పడుతుంది. మూడు వేళ్ళ మెరికిప్పస్ కాలానికే ఈ ఏర్పాటు చాలావరకు వచ్చేసింది. కనుక స్ప్రింగు కోసం వేళ్ళు పోయాయనడం కంటే, స్ప్రింగు కుదిరాక పక్క వేళ్ళ అవసరం తగ్గిందనడం కాలక్రమానికి దగ్గరగా ఉంటుంది.

అయితే హిప్పారియన్లకూ స్ప్రింగు ఉండేది. అవి వేళ్ళెందుకు ఉంచుకున్నాయి? ఫెట్‌లాక్ మరీ కుంగిపోతే పక్క వేళ్ళు నేలకు తగిలి అడ్డుకునేవని, మెత్తటి నేలలోనూ జారే చోటా పట్టు ఇచ్చేవని ఎక్కువ మంది అభిప్రాయం. పక్కకు మళ్ళి తప్పించుకునే జంతువుకు ఆ రక్షణ విలువైనదే. ఒంటి వేలి కొమ్మ వేరే దారి పట్టింది. ఉత్తర అమెరికాలో వాతావరణం ఎండిపోతూ మేత పలచబడినప్పుడు అవి రోజూ ఎక్కువ దూరాలు ట్రాట్ అనే, నడకకూ పరుగుకూ మధ్యరకపు గమనంలో తిరగడానికి అలవాటు పడ్డాయని 2019లో ఒక ప్రతిపాదన వచ్చింది. పారిపోయే పరుగు కాదు, మేత వెతికే ప్రయాణమే ఒంటి వేలిని ఎంచిందని దాని సారం. ఇంకా ఊహే అయినా, వేగం వాదం కంటే దీనికే ఎముకల సాక్ష్యం ఎక్కువ అతుకుతుంది.

ఈ బేరంలో నష్టం లేకపోలేదు. ముడిచే టెండన్లలో పైదైన సూపర్‌ఫిషియల్ డిజిటల్ ఫ్లెక్సార్ టెండన్ జోరు పరుగులో 11 నుంచి 16 శాతం దాకా సాగుతుంది. తెగే హద్దుకు అది చాలా దగ్గర. సాగి ముడుచుకునేటప్పుడు కొంత శక్తి వేడిగా మారి, టెండన్ నడిమధ్యన ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుంది. రేసుగుర్రాలకు ఈ టెండన్ గాయాలు అంత మామూలుగా రావడానికి కారణం ఇదే. భారం పంచుకునే పక్క వేలు ఒక్కటీ లేదు.

ప్రశ్న: గుర్రం, గాడిద, జీబ్రా కాకుండా ఒంటి వేలి జంతువులు ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు: ఇప్పుడు బతికున్న పెద్ద జంతువుల్లో లేవు. చచ్చిపోయినవాటిలో ఉన్నాయి, అవే ఈ కథను ఆసక్తికరం చేస్తాయి.

అన్నింటికంటే ముందు చెప్పవలసింది దక్షిణ అమెరికా థోథీరియం. లిటోప్టెర్న్ అనే పూర్తిగా వేరే వంశానిది. అర్జెంటీనా దక్షిణాన పటగోనియాలోని శాంటాక్రూజ్ రాళ్ళలో, సుమారు 1.7 కోట్ల ఏళ్ళ నాటి పొరల్లో దొరికింది. గజెల్ అనే చిన్న జింకలాంటి జంతువంత ఉంటుంది. దాని పక్క వేళ్ళ ఎముకలు గుర్రం స్ప్లింట్ల కంటే కూడా చిన్నవి, చిన్న బొడిపెలుగా మిగిలాయి. అంటే ఈ పనిలో గుర్రం కంటే ముందే, గుర్రం కంటే పూర్తిగా ముగించింది. అదే చోట దాని చుట్టం డయాడియాఫోరస్ మూడు వేళ్ళతో తిరిగేది. థోథీరియం పళ్ళు పొట్టివి, ఆకులు నమిలే రకం. గడ్డి మైదానాలు రావడం, గడ్డి కోసం పొడవు పళ్ళు, మైదానం కోసం ఒంటి వేలు అంటూ గుర్రానికి అల్లిన కథ దీనికి పూర్తిగా వర్తించదు. ఒంటి వేలికి గడ్డి మైదానం తప్పనిసరి కాదని తేల్చడానికి ఈ ఒక్క జంతువు చాలు.

ఆస్ట్రేలియాలో అంతరించిన పొట్టి ముఖపు కంగారూలు మరో ఉదాహరణ. వాటిలో పెద్దదైన ప్రోకాప్టోడాన్ నిలబడితే సుమారు 2 మీటర్లు, బరువు 200 కిలోలకు పైగా. వెనక్కాలికి ఒకే పెద్ద వేలు, అది నాలుగోది. కంగారూల్లో మొదటి నుంచీ బరువు మోసేది నాలుగో వేలే కాబట్టి, పక్కవి తగ్గితే మిగిలేది అదే. అంత బరువుతో ఇవి గెంతడం కష్టమని, ఒక్కో కాలు మార్చి నడిచేవని 2014లో ఎముకల కొలతల ఆధారంగా వాదించారు.

అదే ఖండంలో పందికాళ్ళ బాండికూట్ ఉండేది. 20వ శతాబ్దంలో అంతరించింది. సుమారు 200 గ్రాముల బరువు. ముంగాలికి రెండు వేళ్ళు, వెనక్కాలికి నేలకు ఆనే వేలు ఒకటే, అదీ నాలుగోదే. పెద్ద ఒళ్ళు ఉంటేనే ఒంటి వేలు అనే సిద్ధాంతాన్ని ఈ ఎలుకంత జంతువు ఇబ్బంది పెడుతుంది. దాన్ని పక్కన పెట్టేసి మాట్లాడే రచనలే ఎక్కువ.

చేతి విషయానికొస్తే ఇన్నర్ మంగోలియాలో దొరికిన లిన్‌హెనికస్ అనే చిన్న డైనోసార్‌కు పనికొచ్చే వేలు ఒకటే. దాని పేరు 2011లో ప్రకటించారు. అది పరుగు కోసం కాదు, తవ్వడం కోసం అయివుంటుంది. అమెరికా ఆగ్నేయంలో ఒంటి వేలి ఆంఫియూమా అనే ఈల్ లాంటి ఉభయచరం ఉంది. దాని కాళ్ళే పుల్లల్లా మిగిలాయి, వేళ్ళు ఆ దారిలో పోయాయి. గుర్రంతో దాన్ని ఒక గాటన కట్టకూడదు.

ప్రశ్న: చీలిక లేని ఒకే గిట్టతో దూడ పుట్టింది. ఇది గుర్రంలా మారడమా?

జవాబు: కాదు. ఆవు బరువు మూడో, నాలుగో వేళ్ళ మధ్య సమంగా పడుతుంది. ఈ లోపంలో ఆ రెండూ ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి, ఏదీ పోదు. ఎక్స్‌రే తీస్తే లోపల రెండు వేళ్ళ ఎముకలు కలిసినట్టు తెలుస్తుంది. దీన్ని మ్యూల్‌ఫుట్ అంటారు. పశువుల్లో LRP4 అనే జన్యువు లోపం వల్ల వస్తుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోప ప్రతులు వస్తేనే కనిపిస్తుంది. అందుకే అలాంటి దూడ పుడితే తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నట్టే లెక్క. ఆ ఆబోతును మళ్ళీ వాడకపోవడం మంచిది. హోల్‌స్టీన్ పశువుల్లో ముందు కుడి ముంగాలికి, తరవాత ఎడమ ముంగాలికి, ఆపైన వెనక్కాళ్ళకు అనే వరుసలో ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న: గుర్రపుపిల్లకు అదనపు వేలుతో పుట్టడం ఉంటుందా?

జవాబు: అరుదుగా ఉంటుంది. జూలియస్ సీజర్ గుర్రానికి కాళ్ళు వేళ్ళుగా చీలి ఉండేవని రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. మార్ష్ 19వ శతాబ్దంలో ఇలాంటి గుర్రాల వివరాలు సేకరించి వ్యాసాలు రాశాడు. ఎక్కువగా ముంగాలికి లోపలి వైపు వస్తుంది. లోపలి స్ప్లింట్ కిందికి పూర్తిగా పెరిగి, చివర కణుపులు, చిన్న గిట్ట కూడా వస్తే, పాత రెండో వేలు తిరిగి వచ్చినట్టు చూడవచ్చు. అయితే నడిమి వేలే రెండుగా చీలిన సందర్భాలూ ఉంటాయి, వాటికి పూర్వీకులతో సంబంధం లేదు. ఎక్స్‌రేలో అదనపు ఎముక దేనికి అతికి ఉందో చూసి తేల్చాలి. నేలకు తగలకుండా వేలాడే వేలు ఎదుటి కాలికి కొట్టుకుని పుండ్లు చేస్తుంది. శస్త్రచికిత్సతో తీసేయడం మామూలు.

ప్రశ్న: మూడేళ్ళ గుర్రానికి ముంగాలి లోపలి వైపు కానన్ పక్కన గట్టి గడ్డ లేచింది. స్ప్లింట్ అన్నారు. అసలు ఎందుకు వస్తుంది?

జవాబు: పోయిన వేలు ఇప్పటికీ పెట్టే ఇబ్బంది ఇది. స్ప్లింట్ ఎముకను కానన్‌తో కలిపి ఉంచేది ఇంటరాసియస్ లిగమెంట్ అనే పొట్టి పీచు. వయసు పెరిగేకొద్దీ అది ఎముకగా మారి రెండూ గట్టిగా అతుక్కుంటాయి. అప్పటిదాకా, అంటే పనిలోకి దిగిన 2 నుంచి 4 ఏళ్ళ గుర్రాల్లో, స్ప్లింట్ కొద్దిగా కదులుతుంటుంది. ఎక్కువ పని, గట్టి నేల, ఎదుటి గిట్ట దెబ్బ, మణికట్టు కింద కానన్ పక్కకు జరిగి ఉండే కాలి తీరు, వీటిలో ఏదైనా ఆ పీచును చింపుతుంది. శరీరం అక్కడ కొత్త ఎముక పోస్తుంది, అదే గడ్డ.

లోపలి వైపే ఎక్కువ రావడానికి నిర్మాణంలోనే కారణం ఉంది. లోపలి స్ప్లింట్ పై ముఖం చదునుగా ఉండి మణికట్టు ఎముకల బరువును నేరుగా తీసుకుంటుంది. బయటి స్ప్లింట్ పైన ఉన్న ఎముక తన భారంలో కొంత కానన్ మీదికి తోసేస్తుంది.

తొలి రోజుల్లో వేడి, నొప్పి, ట్రాట్‌లో కుంటడం ఉంటాయి. పని ఆపాలి. చల్లటి నీళ్ళు రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు పట్టాలి. నొప్పి మందు పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే. ఎక్స్‌రే తప్పనిసరి, ఎందుకంటే స్ప్లింట్ విరిగినా బయటికి ఇలాగే కనిపిస్తుంది. కింది మూడో వంతులో విరిగిన ముక్కను తరచూ తీసేస్తారు. పై భాగం మణికట్టు కీలుకు ఆధారం కనుక అక్కడ విరిగితే వ్యవహారం వేరు. విశ్రాంతి సాధారణంగా 4 నుంచి 8 వారాలు. నొప్పి తగ్గిందని రెండో వారంలోనే పరుగు పెట్టించడమే ఎక్కువ మంది చేసే పొరపాటు. పీచు మళ్ళీ చినిగి, గడ్డ ఇంకా పెరిగి, వెనకున్న సస్పెన్సరీ లిగమెంట్‌ను ఒరుసుకుంటుంది. ఇక చల్లబడి గట్టిపడిన గడ్డ అందానికే లోపం. దాన్ని రుద్ది కరిగించాలని చూడకండి.

ప్రశ్న: కాలి లోపలి వైపు ఉండే కొమ్ములాంటి పొక్కు, ఫెట్‌లాక్ వెనక ఉండే చిన్న ముల్లు కూడా పాత వేళ్ళేనా?

జవాబు: మొదటిది చెస్ట్‌నట్. ముంగాలిలో మణికట్టుకు పైన ఉంటుంది. వేళ్ళు మణికట్టుకు కింద ఉండాలి గనుక అది వేలి అవశేషం కావడం కష్టం. గుర్రాలకు వెనక్కాళ్ళకు కూడా ఉంటుంది, గాడిదలకు, జీబ్రాలకు ముంగాళ్ళకే. రెండోది ఎర్గాట్. పాత పాదం దిండు మిగులుగా దాన్ని చూడటం సమంజసం. రెండింటిలోనూ ఎముక లేదు. పొడవు పెరిగితే పైపొర మెత్తబరిచి వేళ్ళతో ఒలిచేయొచ్చు, మొదలంటా కోయకూడదు.

ప్రశ్న: కాలు విరిగిన గుర్రాన్ని బతికించడం అంత కష్టమెందుకు? ఆవు మూడు కాళ్ళ మీద నెట్టుకొస్తుంది కదా?

జవాబు: విరిగిన ఎముక అతకడం ఇప్పుడు చాలా సందర్భాల్లో సాధ్యమే. చంపేది తరచూ విరగని కాలు.

కాఫిన్ ఎముక గిట్ట లోపల అడుగున ఆని కూర్చోదు. లామినే అనే సన్నటి మడతలతో గిట్ట గోడకు వేలాడుతుంటుంది. ఇవి ఒక్కో గిట్టలో 550 నుంచి 600, ఒక్కోదానికి వంద పైగా ఉపమడతలు. జంతువు బరువంతా ఈ మడతల పట్టు మీదే. అవి బతకడానికి రక్తం కావాలి, రక్తం సరిగ్గా ఆడడానికి కాలు మీద భారం పడుతూ లేస్తూ ఉండాలి. ఒక కాలు విరిగితే ఎదుటి కాలు రోజుల తరబడి ఎడతెగని భారం మోస్తుంది. రక్తం అందక లామినే వదులై, కాఫిన్ ఎముక తిరగబడడమో కిందికి దిగిపోవడమో జరుగుతుంది. ఆవుకు ప్రతి పాదంలో రెండు గిట్టలు భారాన్ని పంచుకుంటాయి, పైగా అది ఎక్కువసేపు పడుకోగలదు. గుర్రం రోజుల తరబడి పడుకుంటే దాని కండరాలే ఒత్తిడికి దెబ్బతింటాయి. 2006 మేలో ప్రీక్‌నెస్ పందెంలో బార్బరో అనే గుర్రం కుడి వెనక్కాలు విరిగింది. శస్త్రచికిత్స జరిగింది, ఎముక అతుక్కుంటూ వచ్చింది. ఎడమ వెనక్కాలికి లామినైటిస్ (లామినే దెబ్బతినే జబ్బు) వచ్చి, చివరికి 2007 జనవరిలో దానికి ప్రాణవిముక్తి కలిగించాల్సి వచ్చింది.

లామినైటిస్‌కు ఇదొక్కటే కారణం కాదు. ధాన్యం గది తలుపు తెరిచి ఉండి గుర్రం మితిమీరి తినడం, ఇన్సులిన్ అదుపు తప్పిన లావు గుర్రాలకు పచ్చగడ్డి ఎక్కువవడం కూడా కారణాలే. మీరు రోజూ చూడగలిగినవి మూడు: గిట్ట వేడి, ఫెట్‌లాక్ వెనక ఇరుపక్కలా చేతికి తగిలే నాడి మామూలు కంటే బలంగా కొట్టుకోవడం, ఒక కాలి నుంచి ఇంకో కాలికి మాటిమాటికీ బరువు మార్చడం. ధాన్యం ఎక్కువ తిన్నదని తెలిస్తే కుంటేదాకా ఆగకండి. పశువైద్యుడు వచ్చేలోగానే గిట్ట నుంచి ఫెట్‌లాక్ పైదాకా ఐసు నీటిలో ఉంచడం మొదలుపెట్టండి. ఐసు కరగనివ్వకుండా రెండు మూడు రోజులు ఎడతెగకుండా చేస్తేనే ఫలితం. గంటసేపు పెట్టి తీసేస్తే లాభం లేదు.

లామినే ఒకసారి దెబ్బతిన్నాక గిట్ట గోడ నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ముందు భాగం మొత్తం కొత్తగా రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. ఈలోగా 4 నుంచి 6 వారాలకోసారి గిట్ట చెక్కించాలి. చెక్కేవారికి కొత్త ఎక్స్‌రే చూపించండి. లోపల కాఫిన్ ఎముక ఏ కోణంలో ఉందో చూడకుండా పైకి కనిపించే ఆకారాన్ని బట్టి చెక్కితే, పలచబడిన అడుగులోంచి ఆ ఎముక కొన బయటికి పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది.